కౌమారం పాఠం: చెప్పిన సంగతులు, దాటవేసిన సంగతులు

మన ఇళ్లలో సైన్సు పుస్తకాలు కొని చదివేవారు తక్కువ. శరీరం గురించి, అందులోనూ ప్రత్యుత్పత్తి గురించి పెద్దలే తెచ్చి పిల్లల చేతికిచ్చే పుస్తకం సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అది బడి పాఠ్యపుస్తకం. ఇంట్లో దాచుకోకుండా, అట్ట వేసి, పేరు రాసి, బల్లమీద పెట్టుకుని చదవగలిగేది కూడా అదొక్కటే. కాబట్టి కథల పుస్తకాన్నో, సినిమానో ఎంత శ్రద్ధగా విమర్శిస్తామో అంతకంటే ఎక్కువ శ్రద్ధతో పాఠ్యపుస్తకాన్ని పరిశీలించాలి.

ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నది ఎన్.సి.ఇ.ఆర్.టి. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో కౌమార దశ గురించిన పాఠం. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి 2008లో ఈ పుస్తకం వచ్చింది. మొదట్లో అది పదో పాఠం. 2022లో పాఠాల భారం తగ్గించినప్పుడు ఏడో పాఠమైంది. 2025లో కొత్త పుస్తకాలు వచ్చి, ఈ విషయం ఏడో తరగతికి మారేవరకు దేశమంతటా కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయ విద్యాలయాల్లో, ఇంకా ఎన్నో బడుల్లో పిల్లలు దీన్నే చదివారు. మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ అందులో ఉన్నారు. ఇవాళ ఇంటర్మీడియట్, డిగ్రీ చదువుతున్న పాఠకుల్లో చాలామంది కౌమారం గురించి పరీక్షకోసం చదివింది ఈ పాఠమే అయి ఉంటుంది.

పాత పాఠాన్ని ఇప్పుడెందుకు తవ్వడం అని అడగవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 10 నుంచి 19 ఏళ్ల వయసు వారు సుమారు 25 కోట్ల 30 లక్షల మంది. ఇంత పెద్ద సమూహానికి మనం ఏం చెప్పాం, ఏం చెప్పలేదు అన్నది తేల్చుకుంటే తప్ప, కొత్త పాఠం మెరుగైనదో కాదో కొలవడానికి గీటురాయి దొరకదు.

బాగా చెప్పినవి

ముందు మంచిని ఒప్పుకోవాలి. ఈ పాఠం అంతకు ముందరి తరాల పాఠాలకంటే ఎంతో మేలు. మా తరంలో జీవశాస్త్రం పుస్తకంలో పువ్వు, కప్ప, బొద్దింక ఉండేవి. వాటి తర్వాత మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒక బొమ్మ, దానికి బాణం గుర్తులు, కింద పేర్లు ఉండేవి. అంతటితో సరి. 2008 పాఠం అలా కాక పదమూడేళ్ల పిల్లవాడి అద్దం దగ్గర మొదలవుతుంది. ఎత్తు పెరగడం, గొంతు బొంగురుపోవడం, మొటిమలు రావడం, మనసు నిలకడ లేకపోవడం వంటి పిల్లలు తమలో చూసుకుంటున్న మార్పులతో మొదలుపెట్టి, వాటి వెనకనున్న హార్మోన్ల దగ్గరికి తీసుకువెళుతుంది. పీయూష గ్రంథి పంపే సంకేతం అందుకుని ముష్కాలు, అండాశయాలు ఎలా పనిచేస్తాయో వివరిస్తుంది. చెప్పవలసిన వరుస ఇదే.

అన్నిటికంటే బాగా రాసిన భాగం బిడ్డ ఆడో మగో ఎలా నిర్ణయమవుతుందన్నది. తల్లి అండాలన్నిటిలోనూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి శుక్రకణాల్లో సగం ఎక్స్, సగం వై క్రోమోజోమ్ కలవి. కాబట్టి ఆడపిల్లను కన్నదని తల్లిని నిందించడం శాస్త్రం ముందు నిలవదని పుస్తకం తేల్చి చెప్పింది. శాస్త్ర విషయం నుంచి సామాజిక న్యాయం దానంతట అదే ఎలా బయటికి వస్తుందో చూపించిన చోటు ఇది. కోడలిని రాచిరంపాన పెట్టే ఇళ్లలో ఈ ఒక్క పేరా గట్టిగా చదివి వినిపించినా పుస్తకం వెల గిట్టినట్టే.

తోకకప్ప కప్పగా మారడానికి థైరాక్సిన్ అవసరమనీ, నీటిలో అయొడిన్ లేకపోతే ఆ మార్పు జరగదనీ చెప్పిన భాగం కూడా మంచిదే. ఎదుగుదల మనిషికి మాత్రమే పట్టిన వింత కాదని, జంతులోకమంతటా హార్మోన్లు నడిపే ఏర్పాటు అని పిల్లలకు అర్థమవుతుంది.

ఎత్తు లెక్కలో చిక్కు

ఇక లోపాల దగ్గరికి వద్దాం. పాఠంలో ఒక పట్టిక ఉంది. ఏ వయసుకు పూర్తి ఎత్తులో ఎంత శాతం వస్తుందో అందులో చూపారు. ఉదాహరణకు 13 ఏళ్లకు అబ్బాయిలు 88 శాతం, అమ్మాయిలు 95 శాతం. ఇప్పటి ఎత్తును ఆ శాతంతో భాగించి 100తో గుణిస్తే చివరికి ఎంత ఎత్తవుతారో వస్తుందని లెక్క. పిల్లలకు ఇష్టమైన లెక్కే. కాని సగటు అనేది ఒక్కొక్కరికీ వర్తించదన్న సంగతిని ఈ లెక్క మరిపిస్తుంది.

ఇద్దరు అబ్బాయిలున్నారనుకుందాం. ఇద్దరికీ 13 ఏళ్లు, ఇద్దరూ 145 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం ఇద్దరూ సుమారు 165 సెంటీమీటర్ల దగ్గర ఆగాలి. అయితే మొదటివాడికి పదకొండో ఏటనే యవ్వన లక్షణాలు మొదలయ్యాయి. రెండోవాడికి ఇంకా మొదలే కాలేదు. ఎముకల చివర్లలో పెరిగే మృదులాస్థి పొర మూసుకుపోయేదాకానే ఎత్తు పెరుగుతాం. మొదటివాడికి అది త్వరగా మూసుకుంటుంది కనుక 165 కంటే ముందే ఆగవచ్చు. రెండోవాడు దాన్ని దాటిపోవచ్చు. అందుకే వైద్యులు ఎదుగుదలను అంచనా కట్టేటప్పుడు పుట్టినరోజు ఒక్కటే చూడరు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు కూడా చూస్తారు.

పట్టిక కింద, వ్యక్తుల మధ్య తేడాలుంటాయని పుస్తకం ఒక ముక్క రాసింది. కాని ఆ తేడా ఎందుకో చెప్పలేదు. తరగతిలో చివరి బెంచీకి మారిన పొడుగు అమ్మాయికి, ప్రార్థన వరుసలో మొదట నిలబడే పొట్టి అబ్బాయికి కావలసింది ఆ 'ఎందుకు' అన్నదే. అమ్మాయిల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఎప్పుడు మొదలైనా అది మామూలే అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఎంతో బెంగ తీరేది.

ఉసిరికాయలో ఇనుము?

ఆహారం గురించి రాసినచోట ఒక పొరపాటు ఉంది. ఇనుము రక్తానికి అవసరమని చెప్పి, ఇనుము ఎక్కువగా ఉండే పదార్థాల జాబితాలో ఆకుకూరలు, బెల్లం, మాంసంతోపాటు నిమ్మజాతి పండ్లను, ఉసిరికాయను కూడా చేర్చారు. ఉసిరిలో, నిమ్మలో చెప్పుకోదగ్గది సి విటమిన్. ఆకుకూరల్లో, పప్పుల్లో, నువ్వుల్లో ఉండే ఇనుమును పేగులు సులభంగా పీల్చుకోలేవు. సి విటమిన్ తోడైతే ఆ పని సులువవుతుంది. అంటే ఉసిరి ఇనుము ఇచ్చేది కాదు, ఇనుమును ఒంటికి పట్టించేది. ఈ రెండింటికీ తేడా తెలిస్తే గోంగూర పప్పన్నంలో నిమ్మకాయ పిండుకోవాలనీ, భోజనం మీదనే టీ తాగకూడదనీ పిల్లలు తామే తెలుసుకుంటారు. టీలోని టానిన్లు ఇనుమును పట్టి ఉంచుతాయి.

ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం, అదే వయసు అబ్బాయిల్లో 31.1 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఈ అంతరానికి కారణాల్లో నెలసరి ఒకటి. లెక్క వేసి చూడండి. ఒక నెలసరిలో సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములున్న అమ్మాయికి 40 మిల్లీలీటర్లలో 4.8 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుంది. గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము. అంటే నెలకు 16 మిల్లీగ్రాములకు పైగా ఇనుము పోతోందన్నమాట. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండటానికి కారణం ఇప్పుడు బోధపడుతుంది. అందులోని ఇనుములో కొంతే ఒంటికి పడుతుంది మరి. ఇటువంటి లెక్క ఒకటి పాఠంలో ఉంటే, ఆ మాత్రను కిటికీలోంచి పారేసేవారు తగ్గుతారు.

ఇరవై ఎనిమిది రోజుల కొలబద్ద

నెలసరి గురించి పాఠం చెప్పిన శాస్త్రం సరైనదే. అండం విడుదలకు తయారవుతుండగా గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. అండం ఫలదీకరణ చెందకపోతే ఆ పొర రక్తంతో కలిసి బయటికి వస్తుంది. ఇది 28–30 రోజులకొకసారి జరుగుతుందని పుస్తకం రాసింది. పెద్దవాళ్ల సగటుగా ఇది తప్పు కాదు. కాని చదివేది పదమూడేళ్ల అమ్మాయి. మొదటి రెండు మూడేళ్లలో మెదడులోని హైపోథాలమస్‌కు, పీయూష గ్రంథికి, అండాశయాలకు మధ్య పొత్తు ఇంకా కుదిరి ఉండదు. చాలా నెలల్లో అండమే విడుదల కాదు. అందుచేత ఆ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలుగానే భావిస్తారు. పుస్తకంలోని 28ని కొలబద్దగా పట్టుకుని కేలండరు ముందు భయపడే అమ్మాయికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

దీనికి మరో వైపు కూడా ఉంది. 'అంతా మామూలే' అని ఊరుకోకూడని సందర్భాలున్నాయి. పదిహేనేళ్లు వచ్చినా మొదటి నెలసరి రాకపోవడం, ఒకసారికీ మరోసారికీ మధ్య 90 రోజులు దాటిపోవడం, ఏడు రోజులకు మించి రక్తస్రావం కావడం, గంటకో రెండు గంటలకో పాడ్ తడిసిపోవడం, బడి మానేయవలసినంత నొప్పి రావడం. వీటిలో ఏది ఉన్నా వైద్యులకు చూపించాలి. ఈ అయిదు గుర్తులు రాయడానికి పాఠంలో అయిదు పంక్తులు చాలు. ఆ అయిదు పంక్తులకు చోటు దొరకలేదు. ప్రతిరోజూ స్నానం చేయాలన్న ఉపదేశానికి మాత్రం దొరికింది.

అబ్బాయిల మాటేమిటి?

పాఠంలో నెలసరికి ఒక విభాగం ఉంది. అబ్బాయిల శరీరంలో దానికి దీటుగా వచ్చే అనుభవం గురించి ఒక్క ముక్క లేదు. యవ్వనం వచ్చాక శుక్రకణాలు తయారవుతాయని చెప్పి పుస్తకం ఆగిపోయింది. తయారైనవి ఏమవుతాయి? నిద్రలో వీర్యం బయటికి వస్తే అది జబ్బా? ఈ ప్రశ్న పుట్టని అబ్బాయి అరుదు. దీన్ని నోరు తెరిచి అడిగిన అబ్బాయి అంతకంటే అరుదు.

జవాబు కష్టమైనదేమీ కాదు. మూలకణం నుంచి శుక్రకణం తయారు కావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. ఆ తయారీ నిరంతరం సాగుతూనే ఉంటుంది. వాడుకలోకి రాని కణాలను శరీరం తిరిగి పీల్చుకుంటుంది, లేదా నిద్రలో బయటికి పంపుతుంది. వీర్యంలో అధికభాగం శుక్రాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవమే. శుక్రకణాల వాటా చాలా కొద్ది. ఒక్క చుక్క వీర్యానికి నలభై చుక్కల రక్తం ఖర్చవుతుందన్న నమ్మకానికి శరీర శాస్త్రంలో ఆధారమేమీ లేదు. అలాగే యవ్వనారంభంలో సగానికి పైగా అబ్బాయిలకు రొమ్ము దగ్గర కొద్దిపాటి వాపు, నొప్పి వస్తాయి. ఏడాది రెండేళ్లలో చాలామందికి తగ్గిపోతాయి.

ఈ నాలుగు మాటలు పుస్తకం చెప్పకపోతే చెప్పేవారు వేరే ఉన్నారు. రైలు పట్టాల పక్కన గోడలమీద, బస్టాండు మూత్రశాలల తలుపులమీద 'రహస్య వ్యాధులు' నయం చేస్తామని రాసిన ప్రకటనలు చూడండి. 'నరాల బలహీనత' అన్న మాట అక్కడినుంచే మన భాషలోకి వచ్చి పాతుకుపోయింది. ధాతువు పోతోందన్న భయంతో నీరసం, నిద్రలేమి, దిగులు పట్టుకునే స్థితికి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. జబ్బు లేనిచోట భయమే జబ్బవుతుందని దాని సారాంశం. ఇప్పుడు గోడల పని ఫోన్లు చేస్తున్నాయి. అక్కడ దొరికేది అజ్ఞానంతోపాటు హింసను, అవమానాన్ని కలిపి చూపే దృశ్యాలు. పాఠం ఖాళీ వదిలిన పేజీ ఖాళీగా ఉండదు. దాన్ని మరెవరో నింపుతారు.

కప్పకు చెప్పినది మనిషికి చెప్పలేదు

అదే పుస్తకంలో కౌమారం పాఠానికి ముందుది జంతువుల్లో ప్రత్యుత్పత్తి. రెండూ కలిపి చదివితే ఒక తమాషా కనిపిస్తుంది. కప్పల సంగతి వచ్చినప్పుడు, ఆడకప్ప నీటిలో గుడ్లు పెట్టడం, మగకప్ప వాటిమీద శుక్రకణాలు వదలడం విడమరిచి చెప్పారు. మనిషి దగ్గరికి వచ్చేసరికి శుక్రకణం, అండం కలుస్తాయి, అది శరీరం లోపల జరుగుతుంది అన్నారు. శుక్రకణం అక్కడికి ఎలా చేరింది? ఆ ఒక్క మెట్టు తీసేసి నిచ్చెన కట్టారు.

ఇప్పుడు కౌమారం పాఠంలోని మూఢనమ్మకాల భాగం చూడండి. నెలసరి సమయంలో అబ్బాయిలను చూస్తే గర్భం వస్తుందన్నది తప్పు, ఆ రోజుల్లో వంటింట్లో పని చేయకూడదన్నది తప్పు అని రాశారు. ఇలాంటివాటిని వదిలేయమన్నారు. మంచిదే. కాని గర్భం ఎలా వస్తుందో తెలియని అమ్మాయికి, చూస్తే రాదని ఎలా రుజువవుతుంది? ఇన్నాళ్లు అమ్మమ్మ మాట నమ్మింది, ఇకనుంచి పుస్తకం మాట నమ్ముతుంది. నమ్మే అలవాటు మాత్రం మారలేదు. మూఢనమ్మకాన్ని వదలమని ఆజ్ఞాపించడం శాస్త్ర దృక్పథం కాదు. కారణం తెలిస్తే నమ్మకం తానే రాలిపోతుంది. చిన్న వయసులో గర్భం ప్రమాదమని మరోచోట హెచ్చరించారు. ఆ హెచ్చరిక కూడా కారణం తెలియని హెచ్చరికే.

హెచ్ఐవి విషయంలోనూ ఇదే పద్ధతి. ఎలా వ్యాపిస్తుందో పుస్తకం చెప్పింది. ఎలా వ్యాపించదో వివరించలేదు. దోమకాటు వల్ల రాదు, ఒకే కంచంలో తింటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా వైరస్ ఉండవచ్చు. ఈ విషయాలతోపాటు నివారణ మార్గాలు కూడా తెలిసినవారినే సమగ్ర అవగాహన ఉన్నవారిగా కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కిస్తుంది. 2019–21లో 15–49 ఏళ్ల స్త్రీలలో అటువంటివారు 21.6 శాతం, పురుషులలో 30.7 శాతం మాత్రమే. హెచ్ఐవి పేరు వినని వారు తక్కువే. దాని గురించి తెలిసినవారూ తక్కువే.

మాటల చిక్కు

అనువాదం చేసేవాడిగా నాకు మరొక సంగతి కనిపిస్తుంది. ఈ పాఠాలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఋతుస్రావం, రజస్వల, ఋతువిరతి, ముష్కాలు, స్వప్నస్ఖలనం వంటి మాటలు వాడతాం. ఇవి తప్పులు కావు. కాని ఇంట్లో ఎవరూ పలకని మాటలు. ఇంట్లో వినిపించేవి వేరు. 'బయట చేరింది', 'మైల', 'ముట్టు' అంటారు. 'ముట్టు' అన్న మాటలోనే ముట్టుకోకూడదన్న నిషేధం ధ్వనిస్తుంది. ఒకవైపు అర్థంకాని సంస్కృతం, మరోవైపు అంటును అంటించే తెలుగు. మధ్యలో 'నెలసరి' అన్న చక్కని మాట ఉంది. అందరికీ తెలుసు, ఎవరినీ కించపరచదు. పాఠ్యపుస్తకాలు దాన్ని మొదటి మాటగా తీసుకోవాలి.

అమ్మాయిలకు ఈ ఒక్క మాటైనా దొరికింది. అబ్బాయిల అనుభవానికి, అవయవాలకు అటువంటి మర్యాదైన వాడుక మాటలు లేవు. పుస్తకంలోని మాట నోరు తిరగదు, వీధిలోని మాట బూతు. శరీరంలోని ఒక భాగానికి చెప్పుకోదగ్గ పేరే లేకపోతే, అక్కడ నొప్పి వచ్చినప్పుడు వైద్యునికి ఏమని చెబుతారు? ఎవరైనా అక్కడ చెయ్యి వేస్తే తల్లికి ఏమని ఫిర్యాదు చేస్తారు? పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098 నంబరు ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేశాక పలకడానికి మాట కూడా కావాలి.

మన సమాజంలోని ఒక వింత కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అమ్మాయి పెద్దమనిషైతే బంధువులందరినీ పిలిచి వేడుక చేస్తాం. ఇప్పుడు శుభలేఖలు, వీధి మొగలో ఫ్లెక్సీలు కూడా వచ్చాయి. చిమ్మిలి పెడతాం. నువ్వుల్లో ఇనుము, కాల్షియం ఉన్నాయి కనుక అది మంచి ఆహారమే. ఊరంతటికీ తెలిసిన ఆ సంగతి ఏమిటో, ఎందుకు జరిగిందో పీటమీద కూర్చున్న పిల్లకు మాత్రం ఎవరూ చెప్పరు. కాబట్టి ఇది చాటున ఉండవలసిన విషయమన్న వాదన మన ఆచారంలోనే నిలవదు.

ఎప్పుడు చెప్పాలి?

ఎనిమిదో తరగతిలో తీసేసిన మెట్టును పదో తరగతి పాఠం పూరించింది. లైంగిక సంపర్కం, గర్భనిరోధక పద్ధతులు, సుఖవ్యాధులు అందులో క్లుప్తంగా ఉన్నాయి. పూర్తి వివరం పన్నెండో తరగతిలో 'ప్రత్యుత్పత్తి ఆరోగ్యం' అన్న అధ్యాయంలో వస్తుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన 'సహేలీ' మాత్ర దగ్గర్నుంచి కృత్రిమ గర్భధారణ దాకా అందులో ఉన్నాయి. తెలుగు అకాడమీ ఇంటర్ ద్వితీయ సంవత్సరం జంతుశాస్త్రంలోనూ ప్రత్యుత్పత్తి ఆరోగ్యం ఒక పాఠం. బాగుంది. కాని దాన్ని చదివేదెవరు? బైపీసీ వాళ్లు. ఎంపీసీ, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకు ప్రత్యుత్పత్తి ఆరోగ్యం అక్కరలేదా? పదితో చదువు ఆగినవారికి?

అంకెలు చూస్తే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. అదే సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, దేశం మొత్తం మీద 23.3 శాతం. సర్వే నాటికి 15–19 ఏళ్లకే తల్లులైనవారు లేదా గర్భవతులు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం, దేశంలో 6.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు అమ్మాయిల్లో ప్రతి ఎనిమిది మందిలో ఒకరన్నమాట. ఆ అమ్మాయిల్లో చాలామందికి పన్నెండో తరగతి అధ్యాయం అందేలోగా జీవితమే పాఠం చెప్పేసింది.

ఈ జాప్యం పుస్తక రచయితల పొరపాటు మాత్రమే కాదు. కేంద్రం 2005లో కౌమార విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులోని బొమ్మలు, విషయాలు అభ్యంతరకరమంటూ 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్, మధ్యప్రదేశ్ తదితర రాష్ట్రాలు దాన్ని నిలిపివేశాయి. 2009లో ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని, హెచ్ఐవి వంటి విషయాలను ప్లస్ టూ స్థాయికి ముందు కాక జీవశాస్త్రంలో భాగంగా చెప్పవచ్చని సిఫార్సు చేసింది. పిల్లలు చెడిపోతారన్న భయం దీని వెనక ఉంది. ఆ భయాన్ని ఎగతాళి చేయనక్కరలేదు, తల్లిదండ్రులకు అది సహజం. కాని దాన్ని పరీక్షించి చూడవచ్చు. వివిధ దేశాల అధ్యయనాలను సమీక్షించి యునెస్కో 2009లో మార్గదర్శకాలు ప్రచురించింది, 2018లో వాటిని సవరించింది. ఇటువంటి విద్య వల్ల పిల్లలు తొందరపడి లైంగిక జీవితంలోకి దిగుతారన్న భయానికి ఆధారం దొరకలేదన్నది ఆ సమీక్షల సారాంశం. మన సుప్రీంకోర్టు కూడా 2024 సెప్టెంబరులో ఒక తీర్పులో లైంగిక విద్య గురించిన అపోహలను చర్చించి, సమగ్ర కార్యక్రమాలను పరిశీలించమని కేంద్రానికి సూచించింది.

కొత్త పాఠానికి గీటురాళ్లు

2025లో ఈ విషయాన్ని ఏడో తరగతికి తేవడం సరైన నిర్ణయం. మొదటి నెలసరి వచ్చాక దాని గురించి చదవడం కంటే, వచ్చేలోగా చదవడం మేలు కదా. అయితే ముందుగా చెప్పడమే కాదు, పూర్తిగా చెప్పడం కూడా ముఖ్యం. పుస్తకం చేతిలో ఉన్న ప్రతి ఉపాధ్యాయుడూ, విద్యార్థీ ఈ ప్రశ్నలు వేసి చూడవచ్చు. అబ్బాయిల మార్పులకు అమ్మాయిల మార్పులతో సమానంగా చోటిచ్చారా? మామూలు ఏదో, వైద్యునికి చూపవలసింది ఏదో విడదీసి చెప్పారా? అపోహ తప్పన్నప్పుడు ఎందుకు తప్పో చెప్పారా? పలకగలిగే మాటల్లో రాశారా?

పుస్తకం ఎంత బాగున్నా, 'ఈ పాఠం ఇంటి దగ్గర చదువుకోండి' అని తరగతిలో దాటేస్తే ప్రయోజనం లేదు. ఉపాధ్యాయులకు మొహమాటం ఉండటం సహజమే. వారికి శిక్షణ ఇవ్వాలి. కౌమార విద్యలో ఉపయోగిస్తున్న ప్రశ్నల పెట్టె పద్ధతి ఈ మొహమాటానికి మంచి మందు. పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న రాసి పెట్టెలో వేస్తారు. ఉపాధ్యాయుడో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులో, నర్సో వచ్చి అందరి ముందూ చదివి జవాబు చెబుతారు. అడిగినవాడెవడో తెలియదు, జవాబు మాత్రం అందరికీ అందుతుంది. ఒక అట్టపెట్టె, కొన్ని కాగితం ముక్కలు ఉంటే చాలు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార వయసు వారికోసం ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రత్యేక క్లినిక్కులు ఏర్పాటయ్యాయి. మీ ఊరికి దగ్గరలో అటువంటిది ఎక్కడుందో తెలుసుకోవడం మీ సైన్సు క్లబ్బు చేయదగిన మొదటి పని.

పదిహేడేళ్ల పాటు మన పిల్లలు చదివిన పాఠానికి మార్కులు వేయమంటే, సగానికి పైగానే వేస్తాను. అది తలుపు తీసింది. గడప దాటించలేదు. కొత్త పుస్తకం ఆ పని చేసిందో లేదో తేల్చవలసింది దాన్ని చదువుతున్న మీరే. చదివాక మీ మనసులో ఇంకా మిగిలిపోయిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాయండి. పుస్తకం మీద మీరు రాయగలిగిన అసలైన విమర్శ అదే.